నొప్పిని పంచుకునేవాళ్ల మతం



మా నాన్న పల్లెలో పాస్టరు. విత్తువాని ఉపమానం ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ ఉపమానం పేరే పెట్టుకున్న ఒక సైన్స్ ఫిక్షన్ నవల గురించి ఈరోజు మాట్లాడతాను. అమెరికన్ నల్లజాతి రచయిత్రి ఆక్టేవియా బట్లర్ 1993లో ప్రచురించిన ‘పారబుల్ ఆఫ్ ద సోవర్’. బట్లర్ తల్లి తెల్లవాళ్ల ఇళ్లలో పనిమనిషి, దొడ్డిదారినే లోపలికి వెళ్లాల్సిన మనిషి. ఆ దొడ్డిదారి మనకు తెలియనిది కాదు.

కథ 2024లో, కాలిఫోర్నియాలో మొదలవుతుంది. నీళ్లు కొనుక్కోవాలి, పోలీసులు రావాలంటే ఫీజు కట్టాలి. పదిహేనేళ్ల లారెన్ ఒలమినా కూడా పాస్టరు కూతురే. తండ్రి కొలిచే దేవుణ్ని లోలోపల ఎప్పుడో వదిలేసింది. మార్పే దేవుడంటూ ‘ఎర్త్‌సీడ్’ అనే కొత్త మతాన్ని నోటుపుస్తకంలో రాసుకుంటుంది. 2027లో వాళ్ల పేట తగలబడ్డాక ఉత్తరానికి నడక మొదలుపెడుతుంది.

ఎదుటివారి నొప్పి కళ్లబడితే ఆమెకు తన ఒంట్లోనే నొప్పి పుడుతుంది. దారిలో కలిసిన కొందరికీ అదే లక్షణం. వాళ్లు అప్పు పేరుతో సాగే వెట్టి నుంచి పారిపోయి వచ్చినవాళ్లు. ఇక్కడ నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. ఆ నొప్పి యజమానికి కూడా పుడితే వెట్టి ఒక్కరోజైనా నిలుస్తుందా? కులం నిలబడింది పక్కవాడి నొప్పి తగలకుండా కట్టుకున్న గోడల మీదే కదా.

పాత మతం వదిలేస్తే చాలదా, కొత్తది ఎందుకు? బాబాసాహెబ్ 1935లో యేవలాలో హిందువుగా చావనన్నారు. నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించింది 1956 అక్టోబర్ 14న. మధ్యలో 21 ఏళ్ల అన్వేషణ. మతం వ్యక్తిగతం, ధమ్మం సామాజికం అని ఆయన తేల్చారు. ఒంటరి మనిషికి ధమ్మం అక్కర్లేదు, ఇద్దరుంటే అది తప్పదు. లారెన్ నోటుపుస్తకం మతంగా మారిందీ తోడు నడిచేవాళ్లు దొరికాకే.

ఒకచోట ఆమెతో నాకు పేచీ ఉంది. మనుషులు చివరికి నక్షత్రాల్లో వేళ్లూనుకోవాలంటుంది. నాకది స్వర్గానికి కొత్త చిరునామాలా కనిపిస్తుంది. బాబాసాహెబ్ చెప్పిన ధమ్మానికి పని ఈ లోకంలోనే.

నవలలో బ్యాంకోలే అనే ముసలి డాక్టరు ఒక అనుమానం వెలిబుచ్చుతాడు: నువ్వెంత సూటిగా చెప్పినా, జనం దీన్ని కూడా మహిమలతో నింపేస్తారని. ఆ అనుమానం మన మీద కూడా. విగ్రహానికి దండ వేసి, పుస్తకం తెరవకుండా ఇంటికెళ్లే ప్రతి ఏప్రిల్ 14న అది నిజమవుతోంది. నవల చివర వాళ్లు తమ మృతుల కోసం ఓక్ విత్తనాలు నాటుతారు. మనమేం నాటుతున్నామో ఈ గదిలోనే మాట్లాడుకుందాం.

జై భీమ్.