పాత మైకుసెట్టుతో గిటార్ ఆంప్

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల్లో వినాయక చవితికీ బోనాలకీ మోగే మైకుసెట్టు ఆంప్లిఫైయర్లు ఏదో ఒకనాడు మూలన పడతాయి. చాలావాటి మీద అహుజా పేరే కనిపిస్తుంది. ఆ కంపెనీ 1940 నాటిది. లోపలి ట్రాన్సిస్టర్లు బాగుంటే అలాంటి పెట్టెను గిటార్ ఆంప్‌గా మార్చుకోవచ్చు.

గిటార్‌ను నేరుగా మైకు సాకెట్‌లో పెడితే శబ్దం మూగబోయినట్టు వస్తుంది. మైకు ఇన్‌పుట్ ఇంపెడెన్స్ కొన్ని వేల ఓములే. గిటార్ పికప్ అంటే అయస్కాంతం చుట్టూ సన్నతీగను వేల చుట్లు చుట్టిన కాయిల్. దానికి ఎదురుగా పది లక్షల ఓములు ఉంటేనే పైస్వరాల మెరుపు నిలుస్తుంది. మధ్యలో ఒక ఎఫ్‌ఈటీ ట్రాన్సిస్టర్‌తో చిన్న బఫర్ సర్క్యూట్ కడితే చాలు. విడిభాగాలు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.

అసలు తేడా స్పీకర్‌ది. గుడి మీది హారన్ మాట దూరం వినపడటానికి చేసింది, గిటార్‌కు పనికిరాదు. పన్నెండంగుళాల గిటార్ స్పీకర్ సుమారు 5,000 హెర్ట్జ్ దాటిన శబ్దాన్ని తనంతట తానే తగ్గిస్తుంది. ఆ గుండ్రని నాదం దాని చలవే. 8 ఓముల స్పీకర్‌ను 8 ఓముల టెర్మినల్‌కే కలపాలి. 100 వోల్టుల లైనుకు కలిపితే కాలిపోవచ్చు. ఇక వాల్యూమ్ పూర్తిగా తిప్పితే ట్రాన్సిస్టర్ గరగరమంటుంది, వాల్వు ఆంప్‌లా తియ్యగా చిట్లదు. డిస్టార్షన్ కావాలంటే ముందు ఒక పెడల్ పెట్టుకోవడమే నయం.

ప్లగ్ తీసినా పెద్ద కెపాసిటర్లలో చార్జి నిలిచి ఉంటుంది. మూత విప్పగానే చెయ్యి పెట్టకండి, రెసిస్టర్‌తో దాన్ని దించండి. మూడు పిన్నుల ప్లగ్, ఛాసిస్‌కు ఎర్తింగ్ తప్పనిసరి. గిటార్ తీగలు కేబుల్ ద్వారా ఆ ఛాసిస్‌తోనే కలిసి ఉంటాయి, వేళ్లుండేదీ వాటి మీదే.