ఒక్క పట్టీ – అయిదు పట్టికలు



గ్రంథాలయపు ఎరువుల రిజిష్టరును స్ప్రెడ్‌షీటులో నెక్కించిన మాత్రమున నది డేటాబేసు కానేరదు. ప్రతి వరుసలోను చందాదారుని పేరు, ఇల్లు, గ్రంథము, కవి, తేదీ మరల మరల వచ్చుచుండును. చందాదారుడు ఇల్లు మారినచో ముప్పది వరుసలు దిద్దవలసి వచ్చును. ఒక్కటి తప్పినను నోటీసు పాత యింటికే పోవును. ఒక్కమారే యెరువు పోయిన గ్రంథపు వరుసను చెరిపినచో ఆ గ్రంథపు జాడయే మాసిపోవును.

ఐ.బి.ఎం. సంస్థలోని ఇ.ఎఫ్. కాడ్ 1970లో ప్రకటించిన వ్యాసమున నీ చిక్కునకు మార్గము చూపెను. చందాదారులకు, గ్రంథములకు, కవులకు, ఎరువులకు వేర్వేరు పట్టికలు. ఒక్కొక్కరికి నొక్కొక్క సంఖ్య. ఎరువుల పట్టికలో ఆ సంఖ్యలే యుండును. కరణపు లెక్కలలో ఖాతా నంబరు చేయు పని యిదియే కదా!

ఆంధ్రమహాభారతమునకు కవులు మువ్వురు. గడి కొక్క విలువయే యుండవలెనన్నది మొదటి నియమము. తిక్కనయే నిర్వచనోత్తర రామాయణమును గూడ రచించెను గనుక, గ్రంథమును కవితో జోడించు నయిదవ పట్టిక తప్పనిసరి.

షీటును ఉన్నదున్నట్లు తాత్కాలిక పట్టికలో దింపి, పేర్ల నేరి, సంఖ్య లీయవలెను. యంత్రమునకు తిక్కన, తిక్కన సోమయాజి యిద్దరు! అది చిన్న చిక్కు. ఒకే పేరుగల యిద్దరు చందాదారులను తండ్రి పేరు చూడక కలిపినచో ఒకరి బాకీ మరొకరి నెత్తి కెక్కును. అట్టివానిని పాత రిజిష్టరుతో మనుష్యుడే సరిచూడవలెను.

తుదకు ఎరువుల వరుసలు షీటు వరుసలతో సరిపోవలెను. ఎక్కువైనచో, కవిత్రయమును బట్టి భారతము ముమ్మారు లెక్కకు వచ్చినదేమో వెదకవలెను. అంతవరకు పాత షీటును చెరపరాదు.