రాబోయే వీరుడెవరు?
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో మేము పోతనగారిని గురించో, సంక్రాంతి ముగ్గులను గురించో మాట్లాడతామని మీరు అనుకుని ఉంటారు. కార్యదర్శిగారూ అలాగే అనుకున్నారు. కాని ఆదివారం తెలుగు బడి నడుపుతున్న మేము నలుగురమూ ఆలోచించుకుని, పిల్లల ఆట ఒకదానిని గురించి ముచ్చటించాలని నిశ్చయించుకున్నాము. ఆ ఆట పేరు సూపర్ స్మాష్ బ్రదర్స్. అందులోకి రాబోయే కొత్త వీరుడెవరో ముందుగా ఊహించి చెప్పడం మా బడిలో మూడేళ్ళపాటు సాగిన పెద్ద వ్యవహారం. పెద్దలు నవ్వితే నవ్వవచ్చు. మేమూ మొదట నవ్వాము, తరువాత కోప్పడ్డాము, చివరికి మేమే చీటీలు రాశాము.

ముందు ఆట సంగతి మనవి చేస్తాము. వేర్వేరు వీడియో ఆటల్లోని పాత్రలు తమ తమ కథలు వదిలిపెట్టి, ఒకే రంగస్థలం మీదికి వచ్చి కలబడతాయి. ఎదుటివాణ్ణి దెబ్బ మీద దెబ్బ కొట్టి, అరుగు మీదనుంచి అవతలికి విసిరేస్తే గెలుపు. ఇందులో మనకు కొత్త ఏముంది? చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి గయోపాఖ్యానంలో కృష్ణుడూ అర్జునుడూ బాణాలు ఎక్కుపెట్టి నిలబడలేదా? 1963లో వచ్చిన శ్రీకృష్ణార్జున యుద్ధంలో రామారావుగారూ నాగేశ్వరరావుగారూ ఎదురుపడినప్పుడు మనం కుర్చీ అంచున కూర్చోలేదా? మారియో, లింక్ ఎదురుపడినా పిల్లలకు అంతే.

1999లో మొదటి ఆట వచ్చినప్పుడు వీరులు పన్నెండుగురు. అందరూ నింటెండో కంపెనీ సొంత బిడ్డలే. ఇంటివాళ్ళనే పిలిచినంతకాలం ఊహకు పెద్ద పని లేదు. 2008లో వచ్చిన మూడో ఆటలో బయటివాళ్ళు ఇద్దరు అడుగుపెట్టారు. ఒకడు కొనామీవారి స్నేక్, రెండోవాడు సెగావారి సోనిక్. సెగా అంటే నింటెండోకు ఒకప్పుడు బద్ధవిరోధి. విరోధి బిడ్డ మన పందిట్లోకి వచ్చి కూర్చున్నాడంటే, ఇక ఎవరైనా రావచ్చునన్నమాట. అప్పటినుంచి ప్రపంచమంతటా ఆటగాళ్ళకు ఈ ఊహల పిచ్చి పట్టుకుంది.

మా బడికి ఆ పిచ్చి 2018లో వచ్చింది. ఆ డిసెంబరు 7న అల్టిమేట్ అనే ఆట వెలువడింది. పాత ఆటల్లో కనిపించిన వీరులందరినీ, ఒక్కణ్ణీ వదలకుండా, తిరిగి తెచ్చారు. పైగా కొత్తవారు. పిల్లలు గుణింతాలు వదిలేసి దీన్ని గురించే గుసగుసలాడుతుంటే, మాలో ఒకరు విసుగు పుట్టి ఖాళీ మైలో డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టారు. ఎవరు వస్తారో చీటీ రాసి ఇందులో వేయండి, కాని తెలుగు అక్షరాల్లో రాసిన చీటీయే చెల్లుతుంది అన్నారు. ఆ పూట గోల తగ్గుతుందని మాత్రమే మా ఆశ. మరుసటి ఆదివారం నుంచి పిల్లలు పది నిమిషాలు ముందే రాసాగారు.

మొదటి చీటీలన్నీ కోరికలే. వాలూయీజీ రావాలి, ఎందుకంటే నాకు ఇష్టం. అంతే. పద్నాలుగేళ్ళ అబ్బాయి ఒకడు ప్రతిసారీ ఆ పేరే రాసేవాడు. ఆ పాత్ర అప్పటికే ఆటలో సహాయకుడి వేషంలో ఉన్నాడు, వీరుడుగా ఎలా వస్తాడయ్యా అని తోటివాళ్ళు అంటే, సహాయకుడు ఎప్పటికీ సహాయకుడేనా తాతయ్యా అని మమ్మల్ని అడిగాడు. మాకు జవాబు తోచలేదు.

కోరిక వేరు, ఊహ వేరు అని మాకు తెలియజెప్పినది తొమ్మిదేళ్ళ పాప. సంగతి ఇది. 2019 జూన్‌లో బాంజో, కజూయీ అనే ఎలుగుబంటి, పక్షి జంట వస్తున్నట్టు ప్రకటించారు. ఆ జంట ఇప్పుడు మైక్రోసాఫ్టువారి సొత్తు. మైక్రోసాఫ్టువారు నింటెండోతో పోటీపడే యంత్రాన్ని అమ్మేవారు. పాప తరువాతి చీటీలో సటీవు అని రాసింది. మైన్‌క్రాఫ్ట్ ఆటలోని స్టీవ్ అన్నమాట. ఎందుకమ్మా అంటే, ఆ ఇంటివాళ్ళు ఒకసారి పిల్లను పంపారు కదా, మర్యాద బాగుంటే ఇంకొకరిని పంపరా అంది. మైన్‌క్రాఫ్ట్ కూడా ఆ ఇంటిదే. పెద్ద పిల్లలు పకపకా నవ్వారు. నేలను తవ్వుకుంటూ దిమ్మెలు పేర్చుకునే మనిషి యుద్ధానికి పనికిరాడన్నారు. 2020 అక్టోబరు 1న స్టీవ్ వచ్చాడు. అతను తవ్వడానికి వీలుగా ఆటలోని రంగస్థలాలన్నిటినీ సరిచేయవలసి వచ్చిందట. పాపకు ఆ రోజు స కింద ట వత్తు ఎలా వస్తుందో చూపించాము. ఇక మరచిపోలేదు.

పెళ్ళిళ్ళు కుదిర్చిన అనుభవం ఉన్న పెద్దలు ఇక్కడ చాలామంది ఉన్నారు. వారికి ఈ తర్కం వెంటనే అందుతుంది. అబ్బాయి బాగున్నాడా అన్నది తరువాతి మాట. ఏ ఇంటివాడు, పెద్దలు ఒప్పుకుంటారా, పూర్వం ఇచ్చిపుచ్చుకోవడాలు ఉన్నాయా అన్నది ముందు మాట. ఆట తయారుచేసే మసహిరో సకురాయ్‌గారే 2018 నవంబరులో చెప్పారు. అదనంగా వచ్చే మొదటి అయిదుగురి జాబితాను నింటెండో ఎంపిక చేసిందట, ఆ పాత్రలతో వీరులను తయారుచేయడం కుదురుతుందా లేదా అని తాను చూశారట. అంటే సంబంధం తెచ్చేది ఒకరు, జాతకం చూసేది మరొకరు!

అయితే తర్కం ఎంత ఉన్నా ఆశాభంగాలు తప్పలేదు. 2018 అక్టోబరులో రాబోయే వీరులందరి బొమ్మలున్న చిత్రం ఒకటి దేశదేశాలా తిరిగింది. దాని పక్కనే గ్రించ్ అనే సినిమా బొమ్మ ఉండడంతో, అచ్చాఫీసునుంచి బయటపడిన నిజం చిత్రమని ఎందరో నమ్మారు. నవంబరు 1న అసలు ప్రకటన రాగానే అది కల్పితమని తేలిపోయింది. ఆ ప్రకటనలో చివర వచ్చినదెవరనుకున్నారు? మారియో ఆటలో గొట్టంలోనుంచి లేచి కరిచే మొక్క! కుండీతో సహా యుద్ధానికి వచ్చింది. ప్రపంచంలో ఇంతమంది ఊహాశాలులుండి దీని పేరు రాసినవారు మాకు తగలలేదు.

ఒప్పుకోరన్నది ఎప్పటికీ ఒప్పుకోరని కాదు. రిడ్లీ అనే రెక్కల రాక్షసుణ్ణి ఏళ్ళ తరబడి అడిగారు. శరీరం మరీ పెద్దది, కుదరదు అన్నది వాడుక మాట. 2018 జూన్‌లో వచ్చి కూర్చున్నాడు.

మహమ్మారి రోజుల్లో బడి తెరలోకి మారింది. చీటీని కెమెరాకు ఎదురుగా పట్టుకుని చూపేవారు. 2020 మార్చిలో నింటెండోవారు, ఆర్మ్స్ అనే ఆటనుంచి ఒకరు వస్తారు, పేరు తరువాత చెబుతామని ఊరించారు. ఆ మూడు నెలలూ మా బడిలో హాజరు నూటికి నూరు. జూన్‌లో మిన్ మిన్ వచ్చింది. ఆమె చేతులు సేమ్యాల్లాగా సాగుతాయి, ఆమె ఇంటివాళ్ళది రామెన్ హోటలు. మన పిల్లలు మీ గోరెంగ్ తింటూ ఆ వార్త విన్నారు. ఇంతకంటే ఏం కావాలి?

ఆఖరి వీరుణ్ణి 2021 అక్టోబరు 5న, మన మలేసియా గడియారం ప్రకారం రాత్రి పది గంటలకు, ప్రకటించారు. పదకొండుమంది పిల్లలు, మేము నలుగురము, కొందరి అమ్మమ్మలు కూడా తెరల ముందు కూర్చున్నాము. వచ్చినవాడు కింగ్‌డమ్ హార్ట్స్ ఆటలోని సోరా. అందులో డిస్నీవారి హక్కు ఉంది కనుక, ఆ గడప దాటడం అసాధ్యమని మేమే పిల్లలకు నచ్చజెప్పి ఉన్నాము. సకురాయ్‌గారు ఆ రాత్రి మరో మాట చెప్పారు. 2015లో ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు ప్రపంచంలోని ఆటగాళ్ళందరినీ ఎవరు కావాలని అడిగితే, అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చింది సోరాకేనట. ఆరేళ్ళు గుట్టుగా దాచారు. కోరికలన్నీ అబద్ధమని పిల్లలకు బోధించిన మాకు తల కొట్టేసినట్టయింది.

వాలూయీజీ అబ్బాయి మాట్లాడకుండా తెర ఆపేశాడు. మరుసటి ఆదివారం రాలేదు. ఆ పైన పరీక్షలున్నాయని వాళ్ళమ్మగారు చెప్పారు. నెల తిరిగేసరికి పదకొండుమంది నలుగురయ్యారు. పిల్లలు మా పాఠం కోసం వస్తున్నారని ఆ మూడేళ్ళూ మేము అనుకున్నాము. ఈ వేదిక మీదనుంచే గతంలో అలా చెప్పుకున్నాము కూడా. వాళ్ళు వచ్చింది డబ్బా కోసం. ఈ మాట ఇక్కడ ఒప్పుకోవడానికే ఈ విషయం ఎంచుకున్నాము.

ఇప్పుడు ఆ నలుగురూ డబ్బాను మళ్ళీ దించమంటున్నారు. తరువాతి ఆట ఎప్పుడు వచ్చినా సరే, ఇప్పటినుంచే రాస్తారట. మా ఊహ అడిగితే, ఈసారి ముందు రాయవలసింది ఎవరు వస్తారని కాదు, ఎవరు తిరిగి రారని. అల్టిమేట్‌లో చివరికి 89 మంది అయ్యారు. ప్రతిసారీ అందరినీ చేర్చడం సాధ్యం కాదని సకురాయ్‌గారు 2018లోనే హెచ్చరించారు.

ఒక చిన్నవాడు, మనవాడు ఒక్కడూ లేడేం అని అడిగాడు. ఆ 89 మందిలో భారతదేశపువాడు లేడు. 1991నాటి స్ట్రీట్ ఫైటర్ రెండో ఆటలో ధల్సిమ్ ఉన్నాడు. యోగి, చేతులు బారలకొద్దీ సాగుతాయి, మెడలో కపాలాలు, నోట్లోనుంచి నిప్పు. మన తాతల్లో ఎవరూ అలా ఉండగా మేము చూడలేదు. అయినా చిన్నవాడి ముఖం వెలిగిపోయింది. ఆ ఇంటినుంచి ర్యూ, కెన్ ఇద్దరూ ఇదివరకే వచ్చారు కనుక మూడోవాడికి అవకాశం తక్కువని మా లెక్క. చిన్నవాడు మాత్రం రాసేశాడు, ధకు వత్తు పెట్టి మరీ.

డబ్బా వాకిలి పక్కన, చందా పుస్తకం పెట్టిన బల్ల మీద ఉంది. పెద్దలు కూడా వేయవచ్చు. తెలుగులో రాయడం మరచినవారికి స్టీవ్ పాప అక్కడే కూర్చుని సాయం చేస్తుంది.