ఈతకొలనునందలి నీరు



ఏక్‌బాల్‌పూరులోని మన పిల్లలకు ఈత నేర్పింపవలెనను కోరిక మనలో పెక్కుమందికి కలదు. 1959లో ఇంగ్లీషు ఛానలును ఈది దాటిన తొలి ఆసియా మహిళ ఆరతీ సాహా ఈ నగరపు బిడ్డయే కదా! అయితే పిల్లలను ఎట్టి నీటిలో దింపుచున్నామో తల్లిదండ్రులు తెలిసికొనవలెను.

నిలిచిన నీటి ముప్పును ఈ నగరము చక్కగా ఎరుగును. 1884లో జర్మను శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కోఖ్ ఇచ్చటి బేలియాఘాటా చెరువు నీటిలో కలరా క్రిమి యుండుటను కనుగొనెను. జనులు స్నానమాడు నీరే త్రాగునీరుగ నుండెను.

ఈతకొలనులో నీటిని కదలించునది పంపు. దేహములనుండి వచ్చు నూనె, చెమట పైపొరలో హెచ్చుగ నిలుచును. కావున అంచుకాలువల ద్వారా పైనీటిని, అడుగు జాలి ద్వారా క్రిందినీటిని పంపు లాగి ఇసుక వడపోతలోనికి పంపును. పల్తాలో హుగ్లీ నీటిని ఇసుకతో వడగట్టి 1870 ప్రాంతముననే నగరమున కందించిన పద్ధతికి ఇది చుట్టమే. శుద్ధమైన నీరు పలు రంధ్రముల ద్వారా కొలనును చేరును. ఏ మూలను నీరు కదలక నిలువరాదు.

25 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, సగటున ఒకటిన్నర మీటరు లోతు గల కొలనులో 3,75,000 లీటర్ల నీరుండును. ఆరు గంటలలో అంత నీటిని త్రిప్పవలెనన్న గంటకు 62,500 లీటర్లు వడపోతలోనికి పోవలెను. ఐనను కొత్తనీరు పాతనీటితో కలియుచుండుటచే, ఒక మారు త్రిప్పిన నూటికి సుమారు 63 పాళ్లే వడపోతను చూచును. మూడు మార్లు త్రిప్పిన 95 పాళ్లగును. ఫైలు ఒక మారు తిరిగినంతనే పని ముగియదని మనకు వేరుగ చెప్పనక్కరలేదు! కావున పొదుపు పేరిట రాత్రియెల్ల పంపు నాపుట తగదు.

ఇసుకకు చిక్కని సూక్ష్మక్రిములను చంపుట క్లోరిను పని. మలినము మిగిలియున్నచో క్లోరిను దానిపైననే వ్యయమగును. ఇసుకలో మురికి నిండి పీడనము పెరిగినప్పుడు, నీటిని ఎదురు త్రోవను పంపి దానిని కడుగవలెను.

రుసుము చెల్లించుటకు ముందు మూడు ప్రశ్నలడుగుడు: పంపు దినమునకెన్ని గంటలు నడచును? ఇసుకను ఎప్పుడు కడిగిరి? క్లోరినును నేడు పరీక్షించిరా? లోతువైపున అడుగు స్పష్టముగ కానరానిచో బిడ్డను దింపకుడు. అట్టి నీటిలో మునిగినవాడును కానరాడు.