శోకించు బాలురు – పొరుగూరి మాస్టారు

గోదావరి పాయల నడుమనున్న లంకలలో బడికి పోవుటయనిన ఏరు దాటుటయే. 2018వ సంవత్సరము జులై 14వ తేదీన పశువుల్లంక వద్ద, బడినుండి ఇండ్లకు మరలుచున్న పిల్లలతో వచ్చు నాటుపడవ, కట్టుబడిలోనున్న వంతెన స్తంభమునకు తగిలి బోల్తాపడినది. పెక్కుమంది ఒడ్డు చేరిరి. కొందరు విద్యార్థినులు చేరలేదు. ఏటిలో గాలింపు జరిగినది; పత్రికలు వార్తలు వ్రాసినవి. కాని ఇట్టి ఆపద పిదప బడి మరల తెరచిననాడు, తన ప్రక్కన ఖాళీయైన చోటును చూచిన పిల్ల మనస్సులో ఏమున్నదో అడుగువారెవరు? ఈ ప్రశ్ననే నేడు శ్రోతల ముందుంచుచున్నాము.

ఇంట మరణము సంభవించినచో పెద్దలకు చేయవలసిన విధులున్నవి. మైలయున్నది, కర్మయున్నది, పలకరింప వచ్చు బంధువులున్నారు. తోడి విద్యార్థినిని కోల్పోయిన బాలికకు ఇవియేమియు లేవు. ఆమె బంధువు కాదు. కావున ఆమెను పలకరింప ఎవరును రారు. సొంత తల్లినో తండ్రినో పోగొట్టుకొనిన బాలుడైనను, ఇంటివారి దుఃఖమును చూచి, తన కన్నీరు వారికి మరింత భారమగునని దాచుకొనును. పెద్దలు చూచి “వీడు చిన్నవాడు, మరచిపోయినాడు” అందురు.

ఇచ్చట మాస్టారి యవసరము కలుగుచున్నది. లంక గ్రామముల బడులకు వచ్చు ఉపాధ్యాయులలో పలువురు రేవు దాటి, పొరుగూళ్లనుండి వచ్చువారే. పరాయివాడగుట ఇట్టి వేళ లోపము కాదు. ఇంటివారివలె ఆయన శోకములో మునిగిపోయి యుండడు. తన ఎదుట ఏడ్చినచో ఆయన కూలిపోవునన్న భయము బిడ్డకు లేదు. ఇల్లు విడిచి వచ్చినవాడగుటచే, దగ్గరలేని వారిని తలచుకొనుట యెట్టిదో కొంత యెరుగును.

ఆయన చేయవలసిన మొదటి పని నిజము చెప్పుట. చాల చిన్నపిల్లలకు చావనిన తిరిగిరాని పోకయని తెలియదు. ఏడెనిమిదేండ్ల ప్రాయమునకు సాధారణముగా తెలియవచ్చును. “ఊరు వెళ్లినది” అనినచో ఆ బిడ్డ రేవు వైపు చూచుచుండును. “నిద్రపోయినది” అనినచో తాను నిద్రించుటకు జంకును. “గోదావరి తల్లి తీసికొనిపోయినది” అనుట మన నోట సులభముగా వచ్చు మాట. కాని రేపు ఆ పిల్ల అదే గోదావరిని దాటి బడికి రావలెను గదా! “చనిపోయినది, ఇక రాదు, మనకందరకు బాధగానున్నది” అను మూడు మాటలే మేలు. “నేను దానితో తగవులాడితిని, అందుకే పోయినది” అని లోలోన కుములు బాలికలుందురు. అది నీ తప్పు కాదని ఒకమారు గాదు, పదిమారులు చెప్పవలయును.

రెండవది, పేరును దాచకుండుట. హాజరుపట్టీలో ఆ పేరు వచ్చినప్పుడు చప్పున దాటిపోరాదు. పేరు తీసివేయుటకు ముందు తరగతికి చెప్పి, ఒక్క నిమిషము ఆ పిల్లను గూర్చి మాటలాడనిచ్చినచో, అదియే ఆ చిన్నవారికి కర్మకాండ.

మూడవది, చేతికి పనినిచ్చుట. మాటలు రాని శోకము బొమ్మలో వచ్చును, మొక్క నాటుటలో వచ్చును. ఈ సందర్భమున రాజమహేంద్రవరపు కథయొకటి స్మరణీయము. 1909లో ఇంగ్లండునుండి వచ్చి, సుమారు పదేండ్లు అచ్చటి ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండిన ఆస్వాల్డ్ కూల్డ్రే దొర, దామెర్ల రామారావు, అడివి బాపిరాజు వంటి యువకుల కళాభిరుచిని గుర్తించి ప్రోత్సహించెను. ఆ రామారావు 1925 ఫిబ్రవరిలో, ఇరువదియెనిమిదేండ్లయినను నిండకయే, మశూచికముచే మరణించెను. అప్పటికి దొర స్వదేశమునకు మరలిపోయి యుండెను. ఓదార్చుటకు దగ్గర లేడు. అయినను మిత్రుడు వరద వెంకటరత్నము మున్నగువారు కుంచెను విడువలేదు. రామారావు నెలకొల్పిన చిత్రకళాశాలను నిలిపిరి. ఆయన చిత్రములు నేటికిని ఆయన పేరిటి చిత్రశాలలో నున్నవి. దూరదేశపు గురువు నాటిన అభిరుచి, గురువు లేనినాడును శిష్యుల దుఃఖమునకు ఒక దారి చూపినది.

ఇంకొక మాట. పిల్లల శోకము ఎడతెగక పారు ఏరు కాదు, ఆటుపోటుల వంటిది. ఇప్పుడు ఏడ్చిన పిల్లయే గడియలో గోళీలాడును. ఆడినది గదా యని శోకము తీరినదనుకొనరాదు. 1996 నవంబరు 6వ తేదీ పెనుతుపానులో వేయిమందికి పైగా అసువులు బాసిరి. కోనసీమ కొబ్బరితోటలు నేలకొరిగినవి. అట్టి రాత్రి గడిపిన బిడ్డకు, ఏడాది తిరిగిన పిదప గాలి హోరుమనినను గుండె దడదడలాడును. అట్టినాడు పాఠమాపి, కిటికీ మూసి, దగ్గర కూర్చుండబెట్టుకొనుట కూడ బోధనయే.

తల్లిదండ్రులకు మా మనవి. “మగపిల్లవాడవు, ఏడువకు” అనకుడు. పోయినవారి పేరు ఇంట పలుకుడు. నెలలు గడచినను బిడ్డ సరిగా తినక, నిద్రింపక, బడికి పోనొల్లక యున్నచో మాస్టారితో చెప్పి, వైద్యునకు చూపుడు. అందు సిగ్గుపడవలసినది లేదు.

పడవలలో ప్రాణరక్షక కవచములుంచుట, వంతెనలు పూర్తిచేయుట ప్రభుత్వము వారి బాధ్యత. దానిని అడుగుట మన హక్కు. కాని ఒడ్డు చేరిన పిల్లలు మనస్సులో ఇంకను నీటి నడుమనే యుందురు. వారిని ఆవలి గట్టునకు చేర్చువాడు మాస్టారు. ఆయనది మన ఊరు కాకపోవచ్చును. ఆయన చేయి పట్టుకొనిన బిడ్డ మాత్రము మనదే.