మన మాట పక్కింటికి పోకుండా



హన్మకొండలో ఒక రెండంతస్తుల ఇల్లు అనుకోండి. కింద ఇంటివాళ్లు, పైన కిరాయికి ఉన్నవాళ్లు. రెండిళ్లలోనూ తీగ లేని ఫోను ఉంది. దాన్నే కార్డ్‌లెస్ అంటారు. కింద కోడలు తల్లికి ఫోన్ చేసి అత్తింటి కష్టం చెప్పుకుంటోంది. పైన ఉన్నామె తన ఫోను ఎత్తింది. ఆ మాటలన్నీ చెవిలో పడ్డాయి!

"వదినా, మీ మాటలు మా ఫోన్ల వినొస్తున్నయ్" అని ఆమె చెప్పింది కాబట్టి సరిపోయింది. చెప్పకుండా వినేవాళ్లుంటే?

ఇది దయ్యం పని కాదు. ఎవరో దొంగతనంగా తీగ కలిపిందీ కాదు. కార్డ్‌లెస్‌లో రెండు భాగాలుంటాయి. ఒకటి టెలిఫోన్ తీగ కలిపిన పెట్టె. రెండోది చేతిలో పట్టుకుని తిరిగేది. ఈ రెంటి మధ్య మాటను మోసేది రేడియో తరంగం. ఎఫ్.ఎం. రేడియోలో 103.5 దగ్గర పెడితేనే వరంగల్ ఆకాశవాణి పలుకుతుంది కదా! ఫోనుకూ అలాంటి చోటు ఒకటుంది. దాని పేరు చానల్. రెండు ఫోన్లు ఒకే చానల్ మీద పడితే మాటలు కలిసిపోతాయి. భద్రకాళి చెరువులో పక్కపక్కనే రెండు రాళ్లు వేసి చూడండి. ఏ అల ఏ రాయిదో చెప్పగలమా?

పాత రకం ఫోన్లలో చానళ్లు తక్కువ. మాటకు తాళం లేదు. మొదట్లో వచ్చిన కొన్నిటిలో ఇంకా అన్యాయం. పక్కింటి చేతి ఫోనుతో మన లైను మీద మాట్లాడొచ్చు. మాట వాళ్లది, బిల్లు మనది!

తర్వాత డెక్ట్ అనే రకం వచ్చింది. అది ఖాళీ చానల్‌ను తానే వెతుక్కుంటుంది. మాటను మార్చి పంపే ఏర్పాటు కూడా ఉంది కాబట్టి పక్కింటి ఫోనుకు మన మాట అందదు. కొనేటప్పుడు "ఇది డెక్టేనా?" అని దుకాణంలో అడగండి. అడగడానికి సిగ్గెందుకు? పైసలు మనవి.

ఇంట్లో పాతదే ఉంటే, గరగరమన్నప్పుడు చానల్ మీట నొక్కి చూడండి. రెండు ఫోన్ల పెట్టెలు ఒకే బల్ల మీద పెట్టొద్దు. టీవీకి, మిక్సీకి కూడా దూరంగా ఉంచండి. కొన్ని కార్డ్‌లెస్‌లు 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. వైఫై పెట్టె, మైక్రోవేవ్ పొయ్యి వాడేదీ ఆ చోటే. కూర వేడి పెట్టినప్పుడల్లా ఫోను గరగరమంటే కారణం అదే కావచ్చు. ఫోను పెట్టెను వేరే గదిలోకి మార్చండి.

ఇంకొక్క మాట. దీన్ని చాలామంది పట్టించుకోరు. అర్ధరాత్రి కోడలికి నొప్పులు మొదలయ్యాయి. కరెంటు పోయింది. 108కి ఫోన్ చేయాలి. చేతి ఫోనులో బ్యాటరీ ఉంది గదా అనుకుంటాం. కానీ పెట్టెకు కరెంటు లేకపోతే చాలా రకాలు మూగబోతాయి. పాత తీగ ఫోనుకు ఎక్స్ఛేంజి నుంచే కరెంటు వస్తుంది. మీ లైను అదే అయితే ఆ ఫోనును పాత సామాన్ల వాడికి వేయకండి, ఉంచుకోండి. ఫైబర్ లైను అయితే దాని పెట్టెనూ, ఫోను పెట్టెనూ ఇన్వర్టర్‌కు కలిపించండి. అదీ లేకపోతే, చార్జింగ్ ఉన్న సెల్ ఫోను ఒకటి తలగడ దగ్గర ఉండాలి.