మగ్గమును కంపైలరును



జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల మన బాలురలో నొకడు, తెలుగు మాటలతో నొక ప్రోగ్రామింగు భాష కల్పించితిననియు, దానికి కంపైలరు ఎక్కడ దొరకుననియు నన్నడిగెను. తెలుగు మాధ్యమమున చదివినవాడగుటచే తానిందులకు తగనని వానికి లోలోపల భయము.

యంత్రమునకు తెలిసినవి సున్నయు నొకటియు మాత్రమే. మనము వ్రాసిన దానినంతయు ముందుగనే యంత్రభాషలోనికి మార్చి యిచ్చునదియే కంపైలరు. పోచంపల్లిలో బొమ్మను గళ్ళకాగితముపై గీసి, అందుకు తగినట్లు నూలు కట్టి, రంగులలో ముంచి, పిదప మగ్గమున కెక్కింతురు. నేయకమునుపే బొమ్మ నూలులోనికి దిగియుండును. కట్టు తప్పెనా, మగ్గముమీద దిద్దుట కష్టము. కంపైలరు పనియు నట్టిదే.

ఇందలి మెట్లు వ్యాకరణ తర్కములు చదివినవారికి క్రొత్తవి గావు. మొదట పదచ్ఛేదము, తరువాత నన్వయము, ఆపై యోగ్యతాపరిశీలన. "నిప్పుతో తడుపుము" అన్న వాక్యమున విభక్తులన్నియు సరియే, యోగ్యత మాత్రము లేదు. సంఖ్యతో పేరును కూడుమన్నప్పుడు కంపైలరును ఇట్లే తప్పు పట్టును. బాకస్ పేర వెలసిన భాషాలక్షణ లేఖనపద్ధతికి పాణిని పేరును చేర్చవలెనని 1967లో ఇంగర్మన్ అను పండితుడు సూచించెను. పాణిని కంప్యూటరునే కనిపెట్టెనని సభలలో చెప్పువారు కలరు. అది పొగడ్త గాని శాస్త్రము గాదు.

చివరి మెట్టు, అనగా యంత్రభాషను పుట్టించుట, మిక్కిలి కష్టము. అది నేడు వెదకి తెచ్చుకొనదగినది. ఇల్లినాయి విశ్వవిద్యాలయమున 2000లో మొదలైన ఎల్.ఎల్.వి.ఎం. ఉచితముగ లభించును. ముందరి సగము మాత్రము మనమే కట్టుకొనవలెను. క్రొత్త భాషకు తొలి కంపైలరును పాత భాషలోనే వ్రాయుదురు; రస్టు భాషకు మొదట ఓకామెల్ ఆధారమయ్యెను, 2011లో తన కంపైలరును తానే మార్చుకొనగలిగెను. తమిళులకు ఎళిల్ అను భాష యిదివఱకే కలదు.

లిపి చిక్కొకటి చెప్పెద. 2008లో వెలువడిన పైథాన్ 3 మొదలుకొని అందు తెలుగు పేర్లు చెల్లును. కాని "సాఫ్ట్‌వేరు" అని చక్కగా వ్రాసినచో టకారపు పొల్లుకును వేకును నడుమ కంటికి గానరాని గుర్తొకటి యుండును. దానిని చూచి పైథాన్ దోషమని నిలిచిపోవును. ఆ బాలుడు తన తెలుగే తప్పనుకొని రెండు దినములు దుఃఖించెను!

జనగామకు పొరుగుననున్న ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశము గారు ఆరవ తరగతితో చదువు మానినవారు. తల్లి చేతినొప్పి చూడలేక 1999లో ఆసుయంత్రమును సాధించిరి. 2017లో పద్మశ్రీ పొందిరి. వారి నెవరైన ఆంగ్లము వచ్చునా యని యడిగిరా?

ఈ యేటి విద్యార్థివేతన నిధినుండి ఆ బాలునికొక కంప్యూటరును, కంపైలరు శాస్త్రగ్రంథమొకటియు నిప్పింపుడని దాతలను వేడుచున్నాను. పదచ్ఛేదభాగమును వాడును నేనును కలిసి వ్రాయుచున్నాము. ప్రస్తుతము పని ఒత్తక్షరములయొద్ద ఆగియున్నది.